మూడడుగుల బాల్కనీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న బాల్కనీల గురించే. ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, గుణుపురం, జయపురం ఒకవైపు. మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రపూర్, సిరొంచ మరోవైపు. ఉప్పుగాలి ఉన్నచోట పనికొచ్చేది బొగ్గు దుమ్ము ఉన్నచోట పనికిరాదు కాబట్టి ఏ ఊరి జవాబు ఆ ఊరిదే. కుండీల మట్టి కలిపే లెక్క మాత్రం అందరికీ ఒకటే. అది మొదటి జవాబులో ఉంది.

బరంపురంలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. బాల్కనీ మూడడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తూర్పు ముఖం. బట్టలు ఆరేసేదీ అక్కడే. మూడు వేలు దాటకుండా కాస్త కళ తేవాలని ఉంది. గోడకు ఎక్కువ బెజ్జాలు పెట్టొద్దని ఇంటివాళ్ళు ముందే చెప్పారండీ. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, బరంపురం

ముందు నేల మీద వరసగా కుండీలు పెట్టకూడదని నిర్ణయించుకోండి. మూడడుగుల వెడల్పులో వరసగా కుండీలు పెడితే మనిషి తిరగడానికి అడుగున్నర మిగులుతుంది. తడిబట్టల బకెట్టు పట్టుకుని అందులో నడిస్తే వారానికో కుండీ పగులుతుంది. తలుపు బయటికి తెరుచుకునేదైతే రెక్క తిరిగే మేర సుద్దముక్కతో నేలమీద గీసుకోండి. ఆ గీత లోపల దేనికీ చోటు లేదు.

మీ పక్కగోడ మూడడుగుల వెడల్పు ఉంటుంది. అలంకరణంతా దాని మీదే. రెండడుగులు బై నాలుగడుగుల జి.ఐ. (జింకు పూత ఇనుము) వెల్డ్ మెష్ ముక్క, రెండంగుళాల గళ్ళది, హార్డ్‌వేర్ షాపులో కోయించుకోండి. కోసిన అంచులు చేతులకు గీసుకుంటాయి, ఆకురాయితో రుద్దించండి. దాన్ని గోడకు నిలబెట్టడానికి నాలుగు బెజ్జాలు చాలు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కాస్త వాల్ పుట్టీ పూస్తే పోతుంది, ఇంటివాళ్ళకు ఆ మాట ముందే చెప్పండి.

బెజ్జం పెట్టేవాడి చెయ్యి ఎలా ఉన్నా, రాలే పొడిని మీరు చూడండి. 8 మి.మీ. బిట్టు, రెండంగుళాల లోతు. ఎర్రపొడి రాలితే ఇటుకలోకి దిగినట్టు. బూడిదరంగు ఇసకలాంటి పొడే రాలుతూ, బిట్టు వెన్నలో దిగినట్టు దిగితే అది రెండు ఇటుకల మధ్య సందు. అక్కడ స్క్రూ కోసం బెజ్జంలో దించే ప్లాస్టిక్ గట్టా బిగుసుకోదు, నెల తిరిగేసరికి స్క్రూ వదులై గట్టాతో సహా బయటికొస్తుంది. అంగుళంన్నర పైకో కిందికో జరిపి మళ్ళీ పెట్టించండి. మెష్‌కూ గోడకూ మధ్య అంగుళం ఎడం ఉండాలి. పాత పి.వి.సి. పైపును అంగుళం ముక్కలుగా కోసి స్క్రూకు తొడిగితే సరిపోతుంది. ఆ ఎడం లేకపోతే కుండీల చెమ్మ గోడకెక్కి సున్నం పొట్టులేస్తుంది.

మెష్‌కు ఆరంగుళాల ప్లాస్టిక్ కుండీలు పది తగిలించవచ్చు. ఒక్కోటి నీళ్ళు పోశాక రెండు, రెండున్నర కిలోలు తూగుతుంది, పదీ కలిస్తే పాతిక కిలోలు. నాలుగు స్క్రూలు ఇటుకలో సరిగ్గా దిగితే ఆ బరువు మోస్తాయి. కుండీని మెష్‌కు కట్టడానికి తెల్ల నైలాన్ టైలు వాడకండి, ఏడాది ఎండకు పెళుసెక్కి పుటుక్కున తెగుతాయి. నల్లవి కొంత నయం. జి.ఐ. బైండింగ్ వైరు రెండు చుట్లు తిప్పడం అన్నిటికన్నా మేలు.

ఇవి కాక పదంగుళాల కుండీలు రెండు గోడ మూలన, రెయిలింగ్ లోపలివైపు రెండడుగుల తొట్టి ఒకటి. తొట్టిని బయటివైపు వేలాడదీయొద్దు. కింద మనుషులు తిరుగుతారు.

ఇక మట్టి. మొత్తం కుండీలకు సుమారు 45 లీటర్ల మిశ్రమం కావాలి. ఇంట్లో ఉండే పదిహేను లీటర్ల బకెట్టుతో కొలవండి: ఎర్రమట్టి ఒక బకెట్టు, వర్మీకంపోస్టు గానీ బాగా మాగిన పశువుల ఎరువు గానీ ఒక బకెట్టు, నానబెట్టిన కోకోపీట్ ఒక బకెట్టు. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక నానితే ఎనిమిది, తొమ్మిది లీటర్లవుతుంది కాబట్టి రెండు ఇటుకలు తెచ్చుకోండి. నానాక ఒకసారి నీళ్ళు పిండేసి, మళ్ళీ మంచినీళ్ళు పోసి పిండండి. కొబ్బరి పొట్టులో ఉప్పుంటుంది. కడగకుండా వాడితే లేతమొక్కల ఆకుల అంచులు మాడతాయి. చివర్లో రెండు మూడు గుప్పెళ్ళ వేపపిండి కలిపితే వేళ్ళకు పట్టే పురుగు తగ్గుతుంది.

కుండీ అడుగున కంకర పోస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. జరిగేది వేరు. సన్నమట్టిలోంచి నీరు పెద్ద సందులున్న కంకరలోకి వెంటనే దిగదు. పైనున్న మట్టి పూర్తిగా నానేదాకా అక్కడే నిలుస్తుంది. అంటే కంకర పోసినంత మేర వేళ్ళకు చోటు తగ్గి, బురద వేళ్ళ దగ్గరికి వస్తుంది. కంకర మానేసి బెజ్జం మీద దోమతెర ముక్క ఒకటి వేయండి, మట్టి జారకుండా ఉంటుంది.

కోకోపీట్ మట్టితో ఒక చిక్కు ఉంది. రెండు రోజులు నీళ్ళు మరిచిపోతే అది ముడుచుకుని కుండీ అంచు వదిలేస్తుంది. తర్వాత పోసిన నీరు ఆ సందులోంచి సర్రున కిందికి పోతుంది, మొక్కకు చుక్క అందదు. కింద నీరు కారింది కదా, తడిసిందిలే అనుకుంటాం. కుండీని ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటే లోపల పొడిగా ఉన్నట్టే. బకెట్టు నీళ్ళలో పావుగంట కూర్చోబెట్టి, బుడగలు ఆగాక తీయండి.

మూడు వేలు ఇలా పంచుకోవచ్చు: కుండీలకు 700, మెష్, స్క్రూలు, కూలికి 600, మట్టి సరుకులకు 500, మొక్కలకు 500, ఒక గోడ రంగుకు 400, లైట్లకు 300. అంగడిని బట్టి వందా యాభై అటూ ఇటూ అవుతుంది. తగ్గించాలంటే మొక్కల్లో తగ్గించండి. మనీప్లాంట్, పుదీనా, బచ్చలి, కనకాంబరం ఎవరింట్లోనైనా ఒక కొమ్మ అడిగితే ఇస్తారు. మెష్ స్క్రూల్లో మాత్రం తగ్గించకండి.

తూర్పు ఎండ నాలుగైదు గంటలు వస్తుంది. దానికి కనకాంబరం, తులసి, శంఖపుష్పం, పుదీనా, మిరప బాగా వస్తాయి. మెష్ కింది వరసలో మనీప్లాంట్, స్పైడర్ ప్లాంట్ పెట్టండి. గులాబీ జోలికి ఈ బడ్జెట్‌లో వద్దు. ఆరంగుళాల కుండీలో గులాబీ బతుకుతుందే గానీ పూయదు.

బట్టలకు పైకప్పు కింద తాళ్ళతో ఎత్తి దించే గొట్టాల స్టాండు మంచిది. దాని కిందకు మెష్ రాకుండా చూసుకోండి. సబ్బునీళ్ళు రోజూ కుండీల్లో కారితే మట్టి గట్టిపడుతుంది.

మాది బల్లార్షా. పడమటి బాల్కనీ, నాలుగు బై ఆరు. కూలర్ కూడా అక్కడే పెట్టినం. ఏ మొక్క పెట్టినా మే నెలకు మాడిపోతున్నది. పైగా ఎప్పుడు చూసినా నల్ల దుమ్ము. అసలు ఇక్కడ మొక్కలు పెట్టుకోవచ్చా?
— ఉద్యోగి, బల్లార్షా

పెట్టుకోవచ్చు. కానీ మొక్కలు కొనే ముందు నీడకు ఖర్చుపెట్టాలి. చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. పడమటి గోడ ఆ వేడిని పీల్చుకుని రాత్రి పదింటి దాకా వదులుతూ ఉంటుంది. మొక్క మాడేది ఎండకు ఒక్కదానికే కాదు, కుండీ కాలి వేళ్ళు ఉడకడం వల్ల కూడా.

50 శాతం గ్రీన్ నెట్ (సగం ఎండను ఆపేది) తెచ్చి గ్రిల్లుకు బయటివైపు కట్టండి. 75 శాతం కడితే పూలమొక్కలు పూయవు, ఇల్లూ చీకటవుతుంది. నెట్ పైఅంచుకూ శ్లాబుకూ మధ్య ఏడెనిమిది అంగుళాలు ఖాళీ వదలండి. వేడిగాలి పైకి లేచి అక్కడినుంచి బయటికి పోవాలి. మొత్తం మూసేస్తే బాల్కనీ కొలిమి అవుతుంది. కూలర్ మూడు పక్కలా గాలి పీల్చుకుంటుంది కనుక దాని జాలీలకు అడుగు దూరంలోపు కుండీ గానీ నెట్ గానీ రాకూడదు.

నల్ల ప్లాస్టిక్ కుండీలు మీ ఊరికి పనికిరావు. ఉన్నవాటిని పారేయనక్కర్లేదు, పాత గోనెసంచి చుట్టి పురికొసతో కట్టండి. ఇంకా మంచిది, చిన్న కుండీని రెండంగుళాలు పెద్దదైన ఇంకో కుండీలో దించి మధ్య సందులో కొబ్బరి పీచు కూరడం. మట్టి పైన అంగుళం మందాన ఎండుటాకులు పరచండి.

నీళ్ళు పొద్దున ఏడింటికల్లా, మళ్ళీ సాయంత్రం ఎండ దిగాక. మధ్యాహ్నం మీద ట్యాంకు నీళ్ళు పట్టి పోస్తే వేళ్ళ మీద వేడినీళ్ళు పోసినట్టే. పొద్దున్నే రెండు బకెట్లు పట్టి లోపల పెట్టుకోండి. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలిపోయి సాయంత్రానికి నిలబడితే మొక్క బాగానే ఉన్నట్టు. సాయంత్రం కూడా లేవకపోతే వేలు అంగుళం లోతు గుచ్చి చూసి అప్పుడు పోయండి. వాలిందల్లా దాహమేనని పోస్తూ పోతే వేళ్ళు కుళ్ళుతాయి.

కూలర్ అడుగున మిగిలిన నీళ్ళు మొక్కలకు పోస్తున్నారా? చాలామంది పోస్తారు, వృథా ఎందుకని. నీరు ఆవిరైపోతుంది గానీ అందులోని ఉప్పులు ఆవిరి కావు. వారం తిరిగేసరికి ఆ తొట్టిలో మిగిలేది చిక్కటి ఉప్పునీరు. జాలీ మీద తెల్లగా కట్టే పొక్కు అదే. దాంతో నేల కడుక్కోండి, కుండీల్లో పోయకండి. ఆర్.ఓ. మిషను వదిలే నీళ్ళూ అంతే. ఏ.సీ. పైపులోంచి కారే నీరు మాత్రం ఉప్పు లేనిది, నిక్షేపంగా పోయొచ్చు.

దుమ్ముకు విరుగుడు నున్నటి, మందపాటి ఆకులే. రబ్బరు మొక్క, స్నేక్ ప్లాంట్, కలబంద ఆకుల్ని వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు. నూగున్న ఆకుల మీద బొగ్గుపొడి కూర్చుంటే కడిగినా పోదు, అలాంటి రకాలు వదిలేయండి. ఎండ వైపు అంచుకు కాగితం పూలు, ఎడారి గులాబీ, బిళ్ళగన్నేరు, నాచుపూలు పెట్టండి. మీ పడమటి ఎండకు ఇవి పూస్తాయి కూడా. నేలకు తెల్ల టైల్సు, గోడకు తెల్లరంగు ఆలోచన ఉంటే మానుకోండి. ముదురు బూడిదరంగో ఇటుకరంగో వేస్తే రోజూ తుడిచే పని తప్పుతుంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో కుండీ మార్చడం, కొత్త మొక్క తేవడం వద్దు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక మొదలుపెట్టండి.

మా బాల్కనీ ఉత్తరం వైపు. నీడ మొక్కలే పెట్టాను. శీతాకాలమంతా పచ్చగా ఉండి మే, జూన్‌లలో ఆకులు తెల్లగా మాడాయి. ఉత్తరానికి ఎండ రాదంటారు కదా?
— ఉపాధ్యాయిని, చంద్రపూర్

మన అక్షాంశంలో వస్తుంది. చంద్రపూర్, బరంపురం రెండూ 19, 20 డిగ్రీల మధ్య ఉన్నాయి. సూర్యుడు జూన్ 21 నాటికి ఇరవై మూడున్నర డిగ్రీల దాకా ఉత్తరానికి వెళ్తాడు. మే చివరి వారం నుంచి జూలై మూడో వారం దాకా మధ్యాహ్నపు ఎండ కూడా కొద్దిగా ఉత్తరం నుంచే పడుతుంది, పొద్దునా సాయంత్రమూ అయితే ఇంకా ఏటవాలుగా లోపలికి వస్తుంది. ఏడాదంతా నీడకు అలవాటు పడ్డ ఆకు ఒక్కసారిగా తట్టుకోలేదు. ఆ రెండు నెలలు కుండీలను గోడ వైపు అడుగు లోపలికి జరపండి, లేదా పాత నూలు చీర పరదాలా కట్టండి. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు, కోసేయండి. కొత్తది వస్తుంది.

కుండీలకు నీళ్ళు పోస్తే కింది వాటా వాళ్ళ బట్టల మీద ఎర్రనీళ్ళు కారుతున్నాయని గొడవ. పళ్ళేలు పెడితే దోమలు. ఏది చేసినా తప్పే అవుతోంది. తులసి కూడా మూడు నెలలకోసారి చచ్చిపోతోంది.
— గృహిణి, పర్లాకిమిడి

పళ్ళెం పెట్టండి, అందులో అంచుదాకా ముతక ఇసక పోయండి. కారిన నీరు ఇసకలో ఉంటుంది, పైన నీటిమడుగు ఉండదు కాబట్టి దోమ గుడ్డు పెట్టలేదు. ఇసక లేని పళ్ళేలుంటే వారానికోసారి వంచి, గుడ్డతో రుద్ది తుడవాలి. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ఒట్టి నీళ్ళు వంచేస్తే సరిపోదు, గుడ్లు పళ్ళెం అంచుకే అంటుకుని ఉంటాయి.

ఎర్రనీళ్ళు కారుతున్నాయంటే నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరిస్తున్నారన్నమాట. చెంబుతో సగం పోసి, పది నిమిషాలాగి మిగతా సగం పోయండి. బాల్కనీ నీరు పోయే గొట్టం మూతి ఒకసారి చూడండి. ఎండుటాకులూ మట్టీ చేరి మూసుకుపోతే నీరు అంచు మీదుగా పొర్లి కింది వాటాకే పోతుంది. గొట్టం మూతికి జాలీ పెట్టి, కుండీలను ఇటుక ముక్కల మీద నిలబెట్టండి.

తులసి చనిపోతున్నది భక్తి ఎక్కువై. రోజూ స్నానం చేసి చెంబెడు నీళ్ళు పోస్తే ఎనిమిదంగుళాల కుండీలో మట్టి ఎప్పటికీ ఆరదు. పూజకు ఉద్ధరిణెతో మూడుసార్లు పోసి ఊరుకోండి. అసలు నీళ్ళు మట్టి పైపొర ఆరినప్పుడే. దీపం కుండీలోపల మట్టి మీద పెట్టకుండా పక్కన పీట మీద పెట్టండి, నూనె ఒలికితే మట్టి నీరు పీల్చదు. వెన్నులు గింజ పట్టకముందే గిల్లేయాలి. గింజ పట్టాక తులసి పని అయిపోయిందనుకుని ఎండడం మొదలుపెడుతుంది. ఒకటి రెండు వెన్నులు మాత్రం వదిలి ఆ గింజలు పక్క కుండీలో చల్లుకుంటే చచ్చిన దానికి బదులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

బాల్కనీ గోడ మీద సవర బొమ్మలు వేయించాలని ఉంది. బియ్యప్పిండితో వేస్తే నిలుస్తాయా? ఖర్చు తక్కువలో మేమే వేసుకోవచ్చా?
— కళాశాల విద్యార్థిని, గుణుపురం

బియ్యప్పిండి బయటి గోడ మీద మొదటి జల్లుకే పోతుంది. పోకముందు చీమలు పడతాయి. సవర గిరిజనులు ఇంటి లోపలి ఎర్రమట్టి గోడ మీద వేస్తారు కనుక అక్కడ నిలుస్తుంది.

ఇంకో మాట. ఇడితాల్ అనేది వాళ్ళకు పూజ బొమ్మ. చతురస్రంగా గీసే ఇల్లు, అందులో దేవతలు, పితరులు, దానికి ముందు చేసే తంతు, అన్నీ కలిసి ఉన్నదది. దాన్ని యథాతథంగా దించుకుని కింద చెప్పుల స్టాండు పెట్టడం బాగుండదు. చుట్టూ గీసే త్రికోణాల అంచు, చెట్టు, నెమలి, వరసగా చేతులు పట్టుకుని ఆడే మనుషులు, ఇవి తీసుకోండి. పూర్తి చిత్రమే కావాలంటే మీ దగ్గరే వేసేవాళ్ళున్నారు. గుడ్డ మీదో కాగితం మీదో వాళ్ళతో వేయించి, డబ్బిచ్చి తెచ్చుకుని లోపలి గోడకు పెట్టుకోండి.

మీరు వేసుకునే దానికి పద్ధతి ఇది. గోడను గట్టి బ్రష్షుతో రుద్ది, నాచు ఉంటే బ్లీచింగ్ నీళ్ళతో కడిగి రెండు రోజులు ఆరనివ్వండి. ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక పూత, దాని మీద జాజు రంగు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య నాలుగు గంటలు. మూడడుగుల గోడకు లీటరు డబ్బా తెస్తే మిగులుతుంది. బొమ్మకు అదే రకం తెల్ల ఎమల్షన్ చిన్న డబ్బా. నీళ్ళు చాలా కొద్దిగా, లీటరుకు అరగ్లాసు లెక్కన కలపండి. ఎక్కువైతే గీత కిందికి జారుతుంది. ముందు కొలబద్దతో చతురస్రం గీసి, దాని నాలుగంచులా రెండంగుళాల పట్టీ వదిలి, పట్టీని త్రికోణాలతో నింపండి. లోపల మనిషి బొమ్మ అంటే త్రికోణాల ఒళ్ళు, ఒక చుక్క తల, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ. 2 నంబరు గుండ్రటి బ్రష్షు చాలు. పై నుంచి కిందికి వేసుకుంటూ రండి, చెయ్యి తగిలి చెరగకుండా ఉంటుంది. ఖాళీలు భయంతో నింపేయకండి. కొంత ఎర్రగోడ కనబడితేనే తెల్లగీత తేలుతుంది.

మా రెయిలింగ్ ప్రతి ఏడాదీ తుప్పు పడుతోంది. రంగు వేస్తే ఆరు నెలలకే పొక్కులు. తుపాను వచ్చిన ప్రతిసారీ కుండీలన్నీ పోతున్నాయి.
— విశ్రాంత ఉద్యోగి, ఛత్రపురం

తుప్పు మీద రంగు వేయడం ఒక తప్పు. ఉప్పు మీద రంగు వేయడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే అది కంటికి కనబడదు. ఇనుము మీద ఉన్న ఉప్పు రంగు పొర కిందకు చెమ్మను లాక్కుంటుంది, అక్కడ పొక్కు లేస్తుంది. కాబట్టి తీగ బ్రష్షుతో, 80 నంబరు ఎమరీతో తుప్పు గీకేశాక మంచినీళ్ళతో కడగాలి. పెయింటర్లు చాలామంది ఈ పని చేయరు. గుడ్డతో తుడిచి, ఎండలో పూర్తిగా ఆరాక టర్పెంటైన్‌తో ఒకసారి తుడవండి. ఆ రోజే ప్రైమర్ పడాలి, రాత్రి వదిలేస్తే సముద్రపు గాలికి మళ్ళీ ఉప్పు చేరుతుంది. రెడాక్సైడ్ కన్నా జింక్ క్రోమేట్ ప్రైమర్ మీ గాలికి నిలుస్తుంది, కానీ అది విషం. ముక్కుకు మాస్కు, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఎండిన పొరను పొడిగా గీకొద్దు. రెండు పూతలు, ఆపైన ఎనామెల్ రెండు పూతలు. డిసెంబరు, జనవరి దీనికి తగిన నెలలు. మంచు ఆరిన తర్వాత, పది దాటాక మొదలుపెట్టమనండి.

కడ్డీ నేలలో దిగే చోట నీళ్ళు నిలబడి మొదటి తుప్పు అక్కడే పడుతుంది. ఆ మొదట్లో సిమెంటుతో చిన్న దిబ్బలా చేసి నీరు జారేలా చేయించండి. ఆ తర్వాత నెలకోసారి రెయిలింగ్‌ను మంచినీళ్ళతో కడిగితే ఖర్చులేని రక్షణ. కుండీల కొక్కేలకు మామూలు పూత పూసినవి కాక హాట్ డిప్ గాల్వనైజ్ చేసినవి, అంటే కరిగిన జింకులో ముంచి తీసినవి అడగండి.

తుపానుల సంగతి మీకు కొత్త కాదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి, రెండూ దసరా రోజుల్లోనే. అందుకే దసరాకు ముందు బాల్కనీలో కొత్త బరువులు వేలాడదీయకండి. హెచ్చరిక వినగానే మొదట విప్పాల్సింది గ్రీన్ నెట్, వెదురు తెరలు. అవి తెరచాపల్లా గాలి పట్టి గ్రిల్లును కూడా లాగేస్తాయి. తర్వాత వేలాడే కుండీలన్నీ ఇంట్లోకి. మోయలేని కుండీలను గోడ మూలకు జరిపి, పడుకోబెట్టి, ఒకదానికొకటి ఆనించి తాడుతో కట్టండి. నిలబెట్టిన కుండీ పడి పగులుతుంది, పడుకోబెట్టింది పడదు. చివరగా నీరు పోయే గొట్టం శుభ్రం చేసి తలుపు వేయండి. గాలి తగ్గాక ఆకుల మీద ఉప్పు ఉంటుంది, మంచినీళ్ళు చల్లి కడగండి.

బాల్కనీ శ్లాబుకు ఊయల వేలాడదీయొచ్చా? బయటికి పొడుచుకు వచ్చిన శ్లాబు, నాలుగడుగులు.
— చిరువ్యాపారి, రాయగడ

వద్దు. బయటికి పొడుచుకు వచ్చిన శ్లాబు మోసే శక్తి అంతా దాని పైభాగంలో ఉన్న ఇనుములో, గోడ మొదట్లో ఉంటుంది. అంచుకు పోయేకొద్దీ అదే బరువు ఎక్కువ గుంజుతుంది, ఊగితే ఇంకా ఎక్కువ. ప్రామాణిక లెక్క ప్రకారం ఇళ్ళ బాల్కనీకి చదరపు మీటరుకు 300 కిలోల భారం పరిగణిస్తారు. అది నేలమీద సమంగా పరచుకున్న బరువు. ఒక కొక్కేనికి వేలాడి ఊగే మనిషి బరువు కాదు. కుండీలు కూడా ఇదే లెక్కన గోడ వైపు పెట్టండి, అంచుకు కాదు. పన్నెండు అంగుళాల కుండీ నిండా ఒట్టి మట్టి పోసి తడిపితే పాతిక కిలోలుంటుంది.

కూర్చుని టీ తాగడానికైతే గోడకు మడిచే బల్ల పెట్టించుకోండి. 24 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న (నీటికి తట్టుకునే రకం) 18 మి.మీ. ప్లైవుడ్, మడిచే బ్రాకెట్లు రెండు. నేలనుంచి 29 అంగుళాల ఎత్తులో బిగిస్తే టీ గ్లాసు, పేపరు పట్టే చోటు వస్తుంది. కోసిన అంచులకు ఎనామెల్ రెండుసార్లు పూయకపోతే అక్కడినుంచి నీరు పట్టి పొరలు విడిపోతాయి. పిల్లలున్న ఇంట్లో స్టూలు గానీ ఎత్తు తొట్టి గానీ రెయిలింగ్ పక్కన ఉంచకండి, ఎక్కుతారు.

జయపురంలో నాలుగు నెలలు వాన. గోడంతా నాచు, కుండీల్లో పుట్టగొడుగులు. ఏం పెట్టినా కుళ్ళిపోతోంది.
— పాఠకుడు, జయపురం

వానాకాలంలో నీళ్ళు మీరు పోయాల్సిన పని లేదు. ఇంటి లోపలివైపు కుండీలకు తప్ప దేనికీ పోయకండి. మట్టిలో కోకోపీట్ సగానికి తగ్గించి ఆ మేరకు ముతక ఇసక కలపండి. పుట్టగొడుగులు హాని చేయవు, ఎరువు మాగుతోందని గుర్తు. నేల జారుడుకు బ్లీచింగ్ వాడేటప్పుడు కుండీల్లో పడకుండా చూడండి. ఇంత చెమ్మ ఉన్నచోట ఫెర్నులు, సింగోనియం, మనీప్లాంట్ మురిసిపోతాయి. కలబంద, ఎడారి గులాబీ మీ ఊరి వానకు బయట పెట్టేవి కావు.

పచ్చగడ్డిలా ఉండే ప్లాస్టిక్ చాప బాల్కనీలో వేయొచ్చా?
— గృహిణి, సిరొంచ

మా సలహా వేయొద్దనే. ఎండలో కాలు పెట్టలేనంత కాగుతుంది, కింద తడి ఆరదు, దుమ్ము దులిపినా పోదు. అదే డబ్బుతో నేల గచ్చుకు ఎర్ర ఆక్సైడ్ ఫ్లోర్ పెయింట్ వేసి, అంచున తెల్లరంగుతో రెండు వరసల ముగ్గు గీయించుకోండి. రోజూ తడిగుడ్డ పెట్టినా పోదు.

వెదురు తడక తెచ్చి గ్రిల్లుకు కట్టాం. మూడు నెలలకే కింద పసుప్పచ్చ పొడి రాలుతోంది. కొత్తది తెస్తే మళ్ళీ ఇదే అవుతుందా?
— పాఠకుడు, చంద్రపూర్

అవుతుంది. ఆ పొడి పురుగు తొలిచింది. వెదురులో ఉండే పిండిపదార్థం కోసమే అది వస్తుంది. ముదరని వెదురులో, ఎండాకాలంలో కోసి తడి ఆరకుండానే అల్లిన తడకలో పురుగు త్వరగా పడుతుంది. మేదరి దగ్గర కొనేటప్పుడు మూడేళ్ళు దాటిన బొంగు అడగండి. పచ్చదనం పోయి, కణుపుల దగ్గర మచ్చలుండి, గోటితో గీస్తే గీత పడనిది ముదురుది. అల్లక ముందు బద్దలను వారం, రెండు వారాలు నీళ్ళలో నానబెట్టే పాత పద్ధతి ఉంది, పిండి నీళ్ళలోకి పోతుంది. ఆ పని చేసిన తడక కాస్త వాసన వస్తుంది, ఆరాక పోతుంది. ఆ వాసన ఉంటే ధర బేరమాడకుండా తీసుకోండి.

ఇంటికి తెచ్చాక లీటరు నీళ్ళకు 30 గ్రాముల బోరాక్స్, 20 గ్రాముల బోరిక్ యాసిడ్ గోరువెచ్చగా కరిగించి, ఆ లెక్కన తడక మునిగేంత కలపండి. ముంచే తొట్టి లేకపోతే నేలమీద ప్లాస్టిక్ పట్టా పరిచి, ఇటుకలతో అంచులు లేపి మడుగు చేసుకోవచ్చు. ఒక రోజంతా ముంచి, నీడలో ఆరబెట్టాలి. పైపైన బ్రష్షుతో పూస్తే బద్ద లోపలికి దిగదు. వెదురు పైచర్మం నీరు పీల్చదు, కోసిన కొనల నుంచే పీలుస్తుంది. ఈ మందు వానకు కరిగి పోతుంది కాబట్టి పూర్తిగా ఆరాక రెండు పూతల వార్నిష్ తప్పదు, కొనలకు మూడు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, మిగిలిన నీళ్ళు పిల్లలకూ పశువులకూ అందనివ్వకండి, కుండీల్లో పోయకండి, ఎక్కువైన బోరాన్ మొక్కను చంపుతుంది. ఇప్పుడున్న పాత తడకను మంచం పక్కన గానీ చెక్క బీరువా పక్కన గానీ దాచకుండా బయటే తగలబెట్టేయండి.